బతికున్న తల్లికి ఆత్మశాంతి

డ్రిల్లు మాస్టరు మెడలోంచి విజిల్ తీసేసి మూడు రోజులు ఊరుకోమంటే ఎలా ఉంటుందో ఆ ఉద్యోగం చేసినవాళ్ళకే తెలుస్తుంది. రిటైరైన ఇన్నాళ్ళకు కూడా నా చెయ్యి అప్పుడప్పుడు విజిల్ కోసం ఛాతీ తడుముకుంటుంది. గుండెనొప్పేమోనని మా ఆవిడ కంగారుపడుతుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటి వాళ్ళు కలిసినప్పుడల్లా "సార్, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏంది?" అని అడుగుతుంటారు. జిల్లా స్థాయి కబడ్డీ కప్పుల గురించి చెబుతానని ఎదురుచూస్తారు. కప్పులు బళ్ళో అద్దాల బీరువాలోనే ఉన్నాయి, పోయి చూసుకోండి. నేను చెప్పేది విజిల్ లేని ఆ మూడు రోజుల గురించి.

గద్వాల దగ్గర ఒక మిషన్ బళ్ళో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. మాది ఉప్పునుంతల దిక్కు సేద్యం చేసుకునే ఇల్లు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాణ్ణి, సోమవారం పొద్దున అసెంబ్లీలో పిల్లలతో పాటు పరలోక ప్రార్థన కూడా చెప్పేవాణ్ణి. రెండింటికీ ఎప్పుడూ తగాదా రాలేదు. నాయకత్వం గురించి మాత్రం నాకు ఒకటే సిద్ధాంతం ఉండేది. నాయకుడికి గొంతు ఉండాలి. "సావధాన్" అని అరిస్తే మైదానం ఆ చివర మేస్తున్న మేక కూడా తలెత్తాలి. ప్రతి ఏడూ స్కూల్ లీడర్‌ని అలాగే ఎంచేవాణ్ణి. ఆ లెక్కన చూస్తే, ఇప్పుడు నేను చెప్పబోయే పిల్ల నా కంటికి ఆనవలసిన మనిషే కాదు.

ఆ పిల్లది మానవపాడు అవతల చిన్న పల్లె. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి పుట్టిల్లు రాయచూరు వైపు. ఆమె ఒంటిచేత్తో కౌలు పొలంలో మిరప వేసేది, సీజన్లో విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో కూలికి పోయేది. పిల్ల ఎనిమిదో తరగతిలో మా హాస్టల్లో చేరింది. వచ్చిన వారంలోనే పరుగుపందెంలో బోర్లా పడి, మోకాలు చెక్కుకుపోయి, "అవ్వో!" అని కేకపెట్టింది. దెబ్బ తగిలితే మనిషి నోట వచ్చేది తల్లి పేరే కదా. గద్వాల టౌను పిల్లలకు మాత్రం అది నవ్వులాట అయింది. ఆ సాయంత్రానికే ఆమెకు "ముసలవ్వ" అని పేరు పెట్టేశారు.

ఈ అవ్వ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ మీకు అందదు. మా ఉప్పునుంతల పాతవాళ్ళకు అవ్వ అంటే కన్నతల్లి. మా అమ్మ పోయేదాకా నేను ఆమెను అవ్వా అనే పిలిచాను. రాయచూరు దిక్కు కన్నడం మాట్లాడే ఇళ్ళల్లోనూ అంతే. అదే తుంగభద్ర దాటి కర్నూలు పోతే అవ్వ కాస్తా నాయనమ్మ అయి కూర్చుంటుంది. ఏటికి ఈ ఒడ్డున తల్లి, ఆ ఒడ్డున ముసలమ్మ. మా గద్వాలలో రెండు రకాల వాళ్ళూ ఉన్నారు. చదువుకున్న ఇళ్ళల్లో అమ్మ, ఇంకొంచెం చదువుకున్న ఇళ్ళల్లో మమ్మీ.

ఆ పిల్ల మమ్మీ నేర్చుకుంది. "మా మమ్మీ" అన్నప్పుడు కొత్త చెప్పులు కరిచినట్టు ముఖం పెట్టేది. ఆ తర్వాత అదీ మానేసింది, అసలు మాట్లాడటమే తగ్గించింది. పొడుగు పిల్ల అయినా లైనులో చివరికి పోయి నిలబడేది. తల్లి ఆదివారం వస్తే పరుగున గేటు దాకా పోయి, గోడ అవతలే నాలుగు మాటలు మాట్లాడి, ఇచ్చింది తీసుకుని పంపించేసేది. ఆమె లోపలికి వచ్చినట్టు ఎవరూ చూడలేదు. ఎండకు నల్లబడి, ముందు వెంట్రుకలన్నీ నెరిసి, నడుము కొద్దిగా వంగి ఉండే ఆ మనిషిని దూరం నుంచి చూసిన పిల్లలు ఎవరో ముసలామె అనుకునేవారు. ఆ పిల్ల కాదనలేదు.

పదో తరగతిలోకి వచ్చాక మా బళ్ళో పిల్లల్ని ఏటా ఒక ధ్యానకూటానికి తీసుకుపోయే అలవాటు ఉంది. ఇంగ్లీషులో రిట్రీట్ అంటారు. కొన్నిరోజులు ఊరికి దూరంగా, ప్రార్థనలో, మౌనంలో, తమ గురించి తాము ఆలోచించుకుంటూ గడపాలి. తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పే పని నాది. నేను అందరికీ చెప్పినట్టే ఆ పిల్ల తల్లికీ "పాన్‌గల్ కాడికి రిట్రీట్‌కు తోల్కపోతున్నం" అని చెప్పాను. మధ్యాహ్నం బస్సుకు ఆమె బడి ముందు దిగింది, మట్టి చేతులతో, ముఖమంతా చెమటతో.

"సారు, నా బిడ్డకేమైంది? ట్రీట్‌మెంటుకు తోల్కపోతున్నమంటిరి గద!"

"ట్రీట్‌మెంటు కాదమ్మ, రిట్రీటు. ధ్యానకూటం. రోగం లేదు, ఏం లేదు."

"సూది ఇయ్యరు గద?"

"ఇయ్యరు."

"మరి ఏం జేస్తరు ఆడ?"

"జర నిమ్మళంగ కూసోని తన గురించి తాను ఆలోచన చేసుకుంటది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నోరు మూసుకోని కూసునేది మా పిల్ల ఇంటికాడ గూడ జేస్తది సారు. గా పనికి పాన్‌గల్ దాక ఎందుకు? నోరు తెరిపిచ్చేది ఏమన్న ఉంటే జెప్పుండ్రి, పంపిస్త."

నాకు నవ్వొచ్చింది, కానీ ఆమె నవ్వలేదు. చివరి రోజు పొద్దున తల్లిదండ్రులు కూడా వచ్చి పిల్లలతో కలిసి భోంచేయాలని, తప్పకుండా రావాలని చెప్పి ఒప్పించి పంపాను. ఆ మాట నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు నాకేం తెలుసు.

ధ్యానకేంద్రం పాన్‌గల్ దిక్కున గుట్టల కింద ఉంది. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపుల నుంచి, పట్నం నుంచి కూడా మిషన్ బళ్ళ పిల్లలు వచ్చారు. ధ్యానం నడిపే ఫాదర్ కోస్తా నుంచి వచ్చినవాడు. తీయని గొంతు, చక్కని భాష, ఎవరి కష్టం విన్నా తడిసిపోయే కళ్ళు. అజమాయిషీ అంతా ఒక కేరళ సిస్టర్‌ది. ఆమె తెలుగును పుస్తకాల్లో నేర్చుకుంది కాబట్టి మా అందరికంటే శుద్ధంగా మాట్లాడేది. నన్ను చూడగానే చెయ్యి చాపి, "మాస్టారూ, ఆ విజిల్ నాకు ఇవ్వండి. ఇక్కడ గంట ఒక్కటే మోగుతుంది," అంది. ఇచ్చేశాను. బట్టలు విప్పి ఇచ్చినట్టయింది.

పిల్లల్ని గుంపులుగా చేశారు, ఏ బడి పిల్లలూ ఒక్కచోట ఉండకుండా కలిపేశారు. గుంపుకొక నాయకుణ్ణి ఎన్నుకోమంటే సర్పంచ్ ఎన్నికలే జరిగాయి. ఒకడు గెలిపిస్తే అందరికీ రెండో గుడ్డు వేయిస్తానన్నాడు. ఇంకో గుంపులో పోటీదారుణ్ణి పక్కకు పిలిచి బతిమాలి ఏకగ్రీవం చేశారు. మా పిల్ల గుంపులో ఆమెను ఎవరూ ప్రతిపాదించలేదు, ఆమె ఎవరికీ చెయ్యి ఎత్తలేదు. గుంపు మాటలు అయ్యాక మళ్ళీ మౌనం. భోజనాల దగ్గర కూడా కళ్ళతోనే పప్పు అడుక్కోవాలి.

మరునాడు మధ్యాహ్నం గుంపులన్నీ హాల్లో వలయంగా కూర్చున్నాయి. నేను వెనకాల డ్రమ్ములో నీళ్ళు నింపుతున్నాను. ఫాదర్ ఒక ప్రశ్న వేశాడు.

"నీకు నువ్వే నచ్చనప్పుడు కూడా నిన్ను ఇష్టపడిన మనిషి ఎవరు?"

పిల్లలు ఒక్కొక్కరే చెప్పారు. కొందరు ఏడ్చారు, కొందరు ఏడ్చినట్టు నటించారు. ఆ పిల్ల వంతు వచ్చింది. తల వంచుకుంది. నేను నీళ్ళ పైపు కట్టేశాను, వినబడాలని.

"మా అయ్య లేడు," అంది. "అవ్వనే సాకింది నన్ను. అవ్వ లేకుంటె నేను లేను."

ఆ మాట జారిపోయిందని ఆమెకు వెంటనే తెలిసింది. రెండేళ్ళుగా పళ్ళ వెనక బిగబట్టుకున్న మాట. ముఖం ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫాదర్ మెల్లగా ముందుకు వంగాడు.

"మరి మీ అమ్మ, తల్లీ?"

ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది. ఆయన మాత్రం ఆ ఏడుపును జవాబుగా తీసుకున్నాడు. ఆయన ఊళ్ళో అవ్వ అంటే నాయనమ్మ. తండ్రి లేడు, నాయనమ్మ పెంచింది, అమ్మ మాట ఎత్తగానే ఏడ్చింది. ఇంకేం కావాలి? "ఇంక చెప్పొద్దులేమ్మా," అని తల నిమిరాడు. మా బడి పిల్లలకు కూడా అన్నీ కలిసొచ్చాయి. గేటు దగ్గరికి వచ్చే ముసలామె నాయనమ్మ అన్నమాట, పాపం, అనుకున్నారు.

సాయంత్రం ప్రార్థనలో ఫాదర్ ఒక కొవ్వొత్తి వెలిగించి, "మన మధ్య ఉన్న ఒక బిడ్డ కన్నతల్లి ఆత్మకు నిత్య విశ్రాంతి కలగాలని" ప్రార్థించాడు. హాలంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. నా నోట్లోనూ సగం ఆమెన్ వచ్చి ఆగిపోయింది. బతికున్న మనిషి! అదే సమయానికి మానవపాడు అవతల మిరపచేనిలో కలుపు తీస్తూ ఉంటుంది! నా చెయ్యి విజిల్ కోసం వెతికింది. విజిల్ ఉంటే ఊదేసేవాణ్ణి, నిజంగా.

నేరుగా సిస్టర్ దగ్గరికి పోయాను. "సిస్టర్, గామె సచ్చిపోలె. మాకాడ అవ్వ అంటే అమ్మ. రేపు పొద్దుగాల బస్సుకు వస్తది గూడ. నేనే రమ్మన్న. ఇప్పుడే ఫాదర్‌కు చెప్తున్న."

సిస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకుంటుందో భయపడిందో తెలియలేదు. తర్వాత కిటికీ వైపు చూపించింది.

బయట వరండాలో ఆ పిల్ల చుట్టూ ఆమె గుంపు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. ఒకమ్మాయి ఆమెకు జడ వేస్తోంది. నాగర్‌కర్నూలు బడి నుంచి వచ్చిన అమ్మాయి, గుంపుకు నాయకురాలు కూడా. ఇంకొకరు పల్లీపట్టీ విరిచి చేతిలో పెడుతున్నారు. మా బడి పిల్లలు కూడా ఇద్దరు వచ్చి ఆనుకుని కూర్చున్నారు, అదే ముసలవ్వ అని పిలిచేవాళ్ళు. మౌనం కాబట్టి ఎవరూ మాట్లాడటం లేదు. ఆ పిల్ల పల్లీపట్టీ తింటోంది. ఆమెను అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు. అంత భయంగా కూడా చూడలేదు.

"ఫాదర్‌కు మీరు చెప్పవద్దు, నేనూ చెప్పను," అంది సిస్టర్. "ఆ అమ్మాయే చెప్పాలి."

"చెప్పకుంటె?"

"అప్పుడు రేపు మనం చెబుదాం. కానీ అవకాశం ఆమెకు ఇవ్వాలి కదా మాస్టారూ."

నాకు తిక్క రేగింది. ఇది అవకాశమా, పిల్లను నూతిలోకి తోసి ఈత నేర్చుకో అనడమా? నేనైతే ఒక్క కేకతో తేల్చేసే సంగతి. సిస్టర్ మీద కోపంతోనే బయటికి వచ్చి కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే ఆ పిల్ల నా వెనకాల వచ్చి నిలబడింది.

"సార్," అంది గుసగుసగా, "రేపు మా... రాకుండ చెయ్యరాదుండ్రి? ఫోన్ జేసి, ఎవ్వరు వస్తలేరు, నువ్వు గూడ రాకు అని చెప్పుండ్రి."

ఆ పిల్ల మీద కోపం రావాలి, రాలేదు. రెండేళ్ళల్లో మొదటిసారి తోటిపిల్లలు ఆమె జడ ముట్టుకున్నారు. అది దక్కాలంటే తల్లి చచ్చిపోయి ఉండాలి. పదిహేనేళ్ళ పిల్లకు ఇంతకంటే ఘోరమైన బేరం ఏముంటుంది?

జేబులోంచి ఫోన్ తీసి ఇచ్చాను. "నేను చెప్ప. నీ అవ్వకు నువ్వే చెప్పుకో."

నంబరు నొక్కింది. అవతల తల్లి గొంతు నాకూ వినబడేంత గట్టిగా ఉంది.

"ఏం బిడ్డ, పానం మంచిగుందా? రేపు పొద్దుగాల మొదటి బస్సుకే వస్తున్న. ఇయ్యాల కలుపు అయిపోగొట్టిన నీ కోసమే. ఏం తేవాలె?"

పిల్ల వరండా వైపు చూసింది. కుళాయి కారుతూ ఉంది.

"జొన్నరొట్టెలు తే," అంది. "ఎక్కువ తే. చానమంది ఉన్నం."

ఫోన్ నాకిచ్చి, కుళాయి గట్టు మీద కూలబడింది. "చెప్పలేకపోయిన సార్," అంది. నేను కుళాయి గట్టిగా తిప్పి కట్టేశాను.

ఇక్కడ ఒకటి చెప్పేస్తాను, చివర్లో అతికించి చెప్పడం నాకిష్టం లేదు. ఆ పిల్ల ఇప్పుడు నాగర్‌కర్నూలు దిక్కు ఒక దవాఖానలో నర్సు. సెలవుల్లో అదే ధ్యానకేంద్రానికి పోయి పిల్లల గుంపులు నడుపుతుంది. ఆ ధ్యానకూటం అయిన ఏడే ఆమె మా స్కూల్ లీడర్ అయింది. నేను ఎంచలేదు, పిల్లలే ఎన్నుకున్నారు. అసెంబ్లీలో ముందు నిలబడి కేకలు వేసేది కాదు. లైను చివరికి పోయి, అక్కడ నోరు మెదపకుండా నిలబడేవాళ్ళ పక్కన నిలబడేది. మొదట్లో నాకు అది లీడర్ పనిలా అనిపించలేదు. ఏడాది తిరిగేసరికి ఆ చివరి వరుసలోంచే పాట పాడేవాళ్ళు, మాట్లాడేవాళ్ళు వచ్చారు. మేక తలెత్తడం గురించిన నా సిద్ధాంతాన్ని అప్పుడే చుట్టి అటక మీద పెట్టాను.

సరే, ఆ పొద్దుటికి వద్దాం. చివరి పూజకు ముందు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమ మనవి చెప్పుకోవాలి. ఫాదర్ నిన్నటి కొవ్వొత్తిని మళ్ళీ వెలిగించి, "నీ తల్లి కోసం నువ్వే చెప్పమ్మా," అని ఆ పిల్ల చేతిలో పెట్టాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మొదటి బస్సు వచ్చే వేళ అవుతోంది. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ఆమె మీద. సిస్టర్ నా పక్కనే ఉంది, పూసల జపమాల వేళ్ళ మధ్య నలుగుతోంది. ఆమె కూడా భయపడుతోందని అప్పుడు తెలిసింది.

ఆ పిల్ల మైకు దగ్గరికి పోయింది. కొవ్వొత్తి వైపు చూసింది. ఉఫ్ అని ఊదేసింది.

"మా అవ్వ సచ్చిపోలె," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"మా దిక్కు అవ్వ అంటె అమ్మ. ముసలామె కాదు. నన్ను కన్న అమ్మ. బతికే ఉంది. గిప్పుడు బస్సుల వస్తుంది. మీరు నిన్న మొక్కింది బతికున్న మనిషికి. నాకు తెల్సి గూడ చెప్పలె."

ఫాదర్ ముఖం చూడాలి ఆ నిమిషాన. రక్తం మొత్తం దిగిపోయింది. "అంటే నేను... అయ్యో, ప్రభువా," అన్నాడు.

ముందు మాట్లాడింది నిన్న జడ వేసిన అమ్మాయి. లేచి నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నిన్ననే ఎందుకు చెప్పలేదు? నీ కోసం మేమంత ఏడ్చినం. మమ్మల్ని పిచ్చోళ్ళను చేసినవ్!"

"మీరు నాకు జడ ఏసిండ్రు," అంది ఆ పిల్ల. "బళ్ళ చేరినప్పటిసంది ఎవ్వరు ఎయ్యలె. అందుకే చెప్పలె. నా మీద కోపం జెయ్యుండ్రి, నాతోని మాట్లాడకుండ్రి, గని మా అవ్వను నేను సంపుకోలేను."

మా బడి పిల్లలు తలలు వంచుకున్నారు. ఆ పిల్ల దిగి వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. జడ వేసిన అమ్మాయి వైపే చూస్తూ అడిగింది:

"నువ్వు మీ అమ్మను ఏమని పిలుస్తవ్?"

"మమ్మీ," అంది ఆ అమ్మాయి, ఠక్కున.

"ఇంటికాడ?"

ఆ అమ్మాయి ముక్కు ఎగబీల్చింది. తర్వాత చిన్న గొంతుతో, "యాడి," అంది. "మాది తండా. ఇంట్ల యాడి అంట. బళ్ళ ఎవ్వరికి తెల్వదు."

"మంచిగుంది," అంది మా పిల్ల. "ఇంకొకసారి గట్టిగ అను."

"యాడి!"

ఆ తర్వాత ఏమైందో వరసగా చెప్పలేను. వనపర్తి నుంచి వచ్చిన ఒక ముస్లిం అమ్మాయి లేచి, "అమ్మీ," అంది. ఇంకొకడు, "నేను అక్కా అంట. మా మామలు అక్కా అంటుంటే నాకు గూడ గదే అలవాటైంది," అన్నాడు. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. వెనక నుంచి ఒకరి తర్వాత ఒకరు "అవ్వ", "అవ్వ" అన్నారు. వాళ్ళల్లో మా బడి పిల్ల ఒకతి, ముసలవ్వ అని ఏడిపించినవాళ్ళల్లోనే ఒకతి. ఆమె ఇంట్లోనూ అవ్వేనట! మాట్లాడటానికి జంకేవాళ్ళ దగ్గరికి మా పిల్ల మైకు తీసుకుని తనే పోయింది. తొందర పెట్టలేదు. చెప్పేదాకా నిలబడింది. చెప్పలేనివాళ్ళ భుజం తట్టి ముందుకు పోయింది. నేను ఎన్నో ఏళ్ళు ఎంతోమంది పిల్లల్ని వరుసల్లో నడిపించాను. అంతమంది ఒక్క మనిషి వెంట అట్లా నడవడం నేను చూడలేదు.

"అమ్మచ్చి," అంది నా పక్క నుంచి సిస్టర్. అందరూ ఇటు తిరిగారు. "మా దగ్గర కొందరికి అమ్మచ్చి అంటే అమ్మ, కొందరికి అమ్మమ్మ. నేను ఇక్కడికి వచ్చిన కొత్తల్లో ఒకసారి అని నవ్వులపాలయ్యాను. ఇరవయ్యేళ్ళయింది. మళ్ళీ ఇవాళే అంటున్నాను."

నేనూ అన్నాను. డ్రిల్లు మాస్టరుకు మైకు ఎందుకు? "అవ్వ!" అని అరిచాను. నా గొంతు పగిలి వచ్చింది. మా అవ్వ పోయి చాలా ఏళ్ళయింది.

చివరికి మైకు ఫాదర్ దగ్గరికి వచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "నేను ఉత్త అమ్మా అనే అంటానమ్మా. నాకింకేం తెలీదు," అన్నాడు. హాలు పకపకా నవ్వింది. "నిన్నటి ప్రార్థన తప్పయిపోయింది. అది నువ్వే సరిచెయ్యి తల్లీ," అన్నాడు.

ఆ పిల్ల సరిచేసింది. ఒక్కొక్కరు తమ తల్లిని ఇంట్లో పిలిచే మాటతోనే పిలవాలని, ఆ మనిషి చల్లగా బతకాలని అందరూ మొక్కాలని చెప్పింది. తల్లి లేనివాళ్ళు కూడా పిలవాలంది. పూజకు ఆలస్యమైంది. ఫాదర్ గడియారం చూసుకోలేదు.

బస్సు దిగిన తల్లిదండ్రులు ఒక్కొక్కరే గేట్లోంచి వస్తున్నారు. వాళ్ళ మధ్య ఆమె, నెత్తిన బట్టమూటతో. పిల్లలందరూ వరండాలోకి ఉరికి వచ్చి, ఆమెను చూసి అక్కడికక్కడే నిలబడిపోయారు. నిన్న ఎవరి ఆత్మ కోసం ఏడ్చారో ఆ మనిషి చెప్పుల దుమ్ము దులుపుకుంటూ నడిచి వస్తోంది. ఆమె నన్ను గుర్తుపట్టి నా దగ్గరికి వచ్చింది.

"ఏంది సారు, అందరు గట్ల జూస్తుండ్రు? సచ్చి లేసొచ్చినదాన్ని జూసినట్ల?"

ఇంతలో ఆ పిల్ల వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని అందరి మధ్యకు తీసుకుపోయింది. "ఈమెనే మా అవ్వ," అంది. జడ వేసిన అమ్మాయి ముందుకొచ్చి మూట అందుకుంది. ఆమె అక్కడే మెట్ల మీద కూర్చుని మూట విప్పి, రొట్టెలు తుంచి, పల్లీల తొక్కు పెట్టి చేతికొకటి ఇవ్వడం మొదలుపెట్టింది. కూతురు మొదటి ముక్క తీసుకుపోయి ఫాదర్ చేతిలో పెట్టింది.

ఆయన ఆ ముక్కను రెండు చేతులా పట్టుకుని ఆమె ముందుకు వచ్చాడు. నెత్తి మీద సగం జుట్టు రాలిపోయిన మనిషి, పెద్దవాడు. చిన్నపిల్లాడిలా నిలబడి, కొత్తగా నేర్చుకున్న మాటను జాగ్రత్తగా పలుకుతూ, "నన్ను క్షమించు అవ్వా," అన్నాడు.

ఆమె తలెత్తి ఆయన్ను కిందికీ మీదికీ చూసింది.

"గంత పెద్దోనివి, నువ్వు నన్ను అవ్వ అంటవేంది సారు? నాకింక నలభై గూడ నిండలె."

అందరికంటే ముందు నవ్వింది ఆమె కూతురే.